సెకిజావాగారిని కసరలేని గోల్‌కీపర్

కురెబయాషి మొరిహిరో షిమిజు రేవులోని చేపల డబ్బాల ఫ్యాక్టరీ జట్టుకు కొన్నేళ్ళు గోల్‌కీపర్‌గా ఉన్నాడు. ఆ తర్వాత ముసలివాడయ్యేదాకా గోల్‌కీపర్లకు ఆట నేర్పాడు. ఊళ్ళో ఎవరినడిగినా ఆ రెండోదే చెబుతారు. మొదటిది గుర్తున్నది ఆయన భార్య తొకియె ఒక్కదానికే.

టోక్యోలో ఒలింపిక్స్ అయిపోయిన కొత్తలవి. ఫుట్‌బాల్ ఆడినందుకు ఎవరూ జీతమిచ్చేవారు కాదు. పొద్దున ఆవిరి గదిలో ట్యూనా చేపలు ఉడికించి, మధ్యాహ్నం మట్టి మైదానంలోకి దిగేవాళ్ళు. ఎంత రుద్దినా ఆయన జుట్టుకు చేప వాసన పోయేది కాదు. తొకియె చిరిగిన జెర్సీ మోచేతులకు లోపలివైపు పాత దుప్పటి ముక్కలు వేసి కుట్టేది. ఆ మట్టి మీద పడి పడి ఆయన తుంటి మీద చర్మం ఎప్పుడూ పచ్చిగానే ఉండేది. వేడి నీళ్ళ తొట్టిలో దిగేటప్పుడు పళ్ళు బిగబట్టేవాడే గాని అబ్బా అనేవాడు కాదు.

చిక్కంతా అక్కడే ఉంది. బంతి పట్టడంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. కానీ గోల్‌కీపరుకు చేతులెంత ముఖ్యమో నోరూ అంతే. మైదానమంతా కనబడేది అతనొక్కడికే. జరుగు, వాణ్ణి పట్టు, వదిలెయ్ నాది అంటూ ముందున్నవాళ్ళను కసురుతూనే ఉండాలి. కురెబయాషికి సరిగ్గా ముందు ఆడేది సెకిజావా. ఫ్యాక్టరీలో ఆవిరి గదికి సెక్షన్ హెడ్ ఆయనే. వయసులోనూ పెద్ద. పొద్దున నడుం వంచి పలకరించిన మనిషిని మధ్యాహ్నం కసరడానికి కురెబయాషికి నోరొచ్చేది కాదు. "సెకిజావాగారూ, కాస్త ఎడమకు..." అనేలోపే బంతి వచ్చేసేది.

ఒక శరదృతువులో పై లీగ్‌కు వెళ్ళే ఆట వచ్చింది. సమానంగా ముగిసినా చాలు. ఇంకాసేపట్లో అయిపోతుందనగా గాల్లో ఎత్తుగా ఓ బంతి వచ్చింది. కురెబయాషి ముందుకు పరుగెత్తాడు. సెకిజావా వెనక్కి వస్తున్నాడు. ఒక్క అరుపు అరిస్తే సరిపోయేది. నోరు తెరిచాడు, మాట రాలేదు. ఇద్దరూ గుద్దుకుని పడ్డారు. బంతి వాళ్ళ పక్కనుంచే మెల్లగా దొర్లుకుంటూ గోల్‌లోకి పోయింది.

మర్నాడు తొకియె ఎర్ర చిక్కుళ్ళ పూర్ణం పెట్టిన మిఠాయి పెట్టెలు కొనుక్కొచ్చింది. కురెబయాషి ఒక్కో విభాగానికీ వెళ్ళి, పెట్టె ముందు పెట్టి, వంగి క్షమించమన్నాడు. డబ్బాలకు కాగితాలంటించే ఆడవాళ్ళు మిఠాయి నములుతూ, "ఓడిపోతేనే ఇంత తీపి పెట్టావు, గెలిస్తే ఏం పెట్టేవాడివయ్యా?" అని నవ్వారు.

సాయంత్రం సెకిజావాయే వాచిన కన్నుతో, చేతిలో సాకే సారా సీసాతో ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే వంగాడు.

"తప్పు నాది కురెబయాషీ. నేను వెనక్కి చూసుకోవాల్సింది."

"అయ్యో, నాదండీ. నేను అరవాల్సింది."

"కాదయ్యా, నాదే."

"మీరలా అనకండి, నాదే."

ఒకరు లేస్తే ఒకరు వంగుతున్నారు. తొకియె వెనకనుంచి, "ఇద్దరిదీనండీ. ముందు లోపలికి రండి, చలి కొడుతోంది," అంది.

అడుగున కుంపటి ఉన్న బల్ల మీది దుప్పటి కింద కాళ్ళు పెట్టుకుని, రెండు గుక్కలు తాగాక సెకిజావా అసలు సంగతి బయటపెట్టాడు.

"పైవాళ్ళు టోక్యోలో కాలేజీ కుర్రాడొకణ్ణి మాట్లాడి పెట్టారు. వసంతంలో చెర్రీలు పూసేనాటికి నీ నోరు పెగిలిందా, సరే. లేదంటే గోల్ వాడిది. నా చేతుల్లో లేదు."

"చిత్తం."

"చిత్తమేంటయ్యా నా మొహం! మైదానంలో నేను నీ సెక్షన్ హెడ్‌ని కాను, దుంగని. దుంగని ఎలా తోస్తావు? ఏదీ, ఇప్పుడే ఒక్కసారి కసురు నన్ను."

కురెబయాషి చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకున్నాడు. "సెకిజావా..." అన్నాడు గట్టిగానే. ఆగిపోయాడు. తర్వాత సీసా అందుకుని, "...గారూ, ఇంకొంచెం పోయమంటారా?" అన్నాడు.

సెకిజావా తల బల్లకేసి కొట్టుకున్నాడు.

ఆ చలికాలమంతా పెరట్లో తొకియె బట్టలారేసే వెదురు గడల మధ్య నిలబడింది.

"నేనే సెకిజావాని అనుకోండి. ఊఁ, కసరండి."

"తొకియె, ఎడమకు."

"ఇది కసరడమా? ఉప్పు అందించమన్నట్టుంది."

పక్కింటి ముసలమ్మ కంచె మీదనుంచి తొంగి చూసింది. "ఏమే తొకియె, మీ ఆయనకి కసరడం రాదా? మా ముసలాయన్ని పంపనా? పొద్దున లేస్తే అదే పని."

"పంపండి పిన్నిగారూ, వచ్చి చెప్పమనండి," అంది తొకియె. నవ్విందే గాని లోపల ఆమెకు దిగులుగానే ఉంది. ఇంట్లో, ఫ్యాక్టరీలో ఎక్కడున్నా ఆయన గోడవారగా ఒదిగి ఉండే మనిషి. గోల్ ముందు నిలబడినప్పుడే చేతులు చాచుకుని, ఉన్నంత మనిషీ కనబడేవాడు. ఆ చోటు పోతే ఆయన ఏమవుతాడో ఆమెకు తెలియలేదు.

చెర్రీలు పూశాయి. టోక్యో కుర్రాడు ఇనాగె వచ్చాడు. పొడుగు చేతులు, ఖంగుమనే గొంతు. గోల్ అతనికిచ్చారు. కురెబయాషిని, జీతంలో మార్పేమీ లేకుండా, ఆ కుర్రాడికి నేర్పే పనిలో పెట్టారు. ఆయన చిత్తమన్నాడు. ఇంటికొచ్చి జెర్సీ మడిచి పెట్టెలో పెట్టాడు.

సాధన జరిగేటప్పుడు గోల్ వల వెనక నిలబడేవాడు. ఒక మధ్యాహ్నం ఇనాగె కుడివైపు చూస్తున్నాడు, ఎడమనుంచి ఎవడో దూసుకొస్తున్నాడు. "సెకిజావా! ఎడమ!" అని ఎవరో అరిచారు. సెకిజావా ఎడమకు దూకి బంతిని బయటికి తన్నాడు. తర్వాత అందరూ ఆగి వెనక్కి చూశారు. కురెబయాషి కూడా వెనక్కి చూశాడు, తన వెనకెవరైనా ఉన్నారేమోనని.

రాత్రి తొకియె అడిగింది. "అన్నాళ్ళూ రానిది ఇవాళెలా వచ్చిందండీ?"

"అప్పుడు బంతి నాది. పెద్దవాళ్ళ ముందు నాది, నాది అని ఎలా అంటాం? ఇప్పుడు కుర్రాడిది కదా."

ఇనాగె మొదటి ఆటలోనే మూడు గోల్స్ వదిలాడు. అందులో ఒకటి అతని కాళ్ళ మధ్యనుంచే పోయింది. ఫ్యాక్టరీ అంతా గొణుగుడు మొదలైంది. సెకిజావా మళ్ళీ ఇంటికి వచ్చాడు.

"నీ గొంతు వచ్చేసిందిగా. పైవాళ్ళతో మాట్లాడాను. ఆదివారం నువ్వే నిలబడు."

వంటింట్లో ముల్లంగి తరుగుతున్న తొకియె చేయి ఆగింది. పెట్టెలోంచి జెర్సీ తీసి ఎండలో వేయాలి, మోచేతులు మళ్ళీ చూడాలి అనుకుంది.

"వద్దండీ," అన్నాడు కురెబయాషి.

"నువ్వు కోరుకున్నదేగా?"

"కోరుకున్నాను. ఇప్పటికీ కావాలనే ఉంది. కానీ ఇప్పుడు తీసేస్తే వాడు మళ్ళీ గోల్ ముఖం చూడడు. కాళ్ళు మరీ ఎడంగా పెట్టి నిలబడతాడు, అదొక్కటే లోపం. మాన్పిస్తాను."

"నీ వయసుకి మళ్ళీ పిలవరయ్యా నిన్ను."

"తెలుసు."

"నీ సెక్షన్ హెడ్‌గా చెబుతున్నా. నిలబడు."

"ఇనాగెనే నిలబెట్టండి!"

ఆ అరుపుకి గాజు తలుపు అదిరింది. పెళ్ళయినప్పటినుంచీ ఆ ఇంట్లో అంత గొంతు లేవలేదు. సెకిజావా చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. తర్వాత, "సరేనయ్యా, నా చెవులు బాగానే ఉన్నాయి," అని చెప్పులేసుకున్నాడు.

ఆయన వెళ్ళాక తొకియె గిన్నెలు ఠంగుఠంగున పెట్టింది.

"నన్నొక్క మాట అడిగారా? చలికాలమంతా గడ్డకట్టుకుపోతూ దుంగలా నిలబడింది నేను."

"అడగలేదు."

"ఎందుకని?"

"అడిగితే నిలబడమంటావు. నువ్వు చెబితే నిలబడతాను. అందుకని."

తొకియె మళ్ళీ ముల్లంగి తరగడానికి కూర్చుంది. కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. ఆయన అలాగే తిన్నాడు.

ఆదివారం ఆమె చిట్టి చేపలు పెట్టిన అన్నం ముద్దలు డబ్బాకెత్తుకుని మైదానానికి వెళ్ళింది. ఇనాగె ముఖం పాలిపోయి ఉంది. కురెబయాషి గీత పక్కన నిలబడి ఆట మొదలైనప్పటినుంచీ అరుస్తూనే ఉన్నాడు. రిఫరీ వచ్చి హెచ్చరించాడు. కురెబయాషి టోపీ తీసి వంగి, టోపీ పెట్టుకుని మళ్ళీ అరిచాడు. జనం నవ్వారు. ఇనాగె ఒక గోల్ వదిలాడు, తర్వాత వచ్చినవన్నీ ఆపాడు. చెరో గోల్‌తో ఆట సమానంగా ముగిసింది.

ఇనాగె వచ్చి వంగి నిలబడితే కురెబయాషి మెచ్చుకోలేదు. "కాళ్ళు దగ్గర పెట్టు. రేపు తొందరగా రా," అన్నాడు.

అందరూ వెళ్ళాక ఆలుమగలిద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ఆయన గొంతు పూర్తిగా పోయింది. తొకియె డబ్బా తెరిచింది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"మీరుంటే ఆ గోల్ ఆపేవారా?"

ఆయన ఖాళీ గోల్ వైపు చూశాడు.

"ఆపేవాణ్ణి," అన్నాడు పోయిన గొంతుతోనే.

తొకియె తల ఊపి, పెద్ద ముద్ద ఏరి ఆయన చేతిలో పెట్టింది.