ఫిబ్రవరి ముప్పైన కడిగిన నీళ్ల ట్యాంకు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, వేసవి మొదలవుతుండగా, తమిళనాడులో తిరువళ్లూరుకూ తిరుత్తణికీ నడుమ ఉన్న ఒక చిన్న పురపాలక సంఘానికి నన్ను మేనేజరుగా వేశారు. ఊరి పేరు చెప్పను. మేనేజరంటే కమిషనరు కింద కార్యాలయాన్ని నడిపేవాడు. సమాచార హక్కు చట్టం కింద వచ్చే అర్జీలకు ముప్పై రోజుల్లో జవాబివ్వాల్సిన బాధ్యత కూడా నాదే.

చేరిన రెండో వారంలో సరోజ టీచర్ అర్జీ పట్టుకొని వచ్చింది. బళ్లో సంగీతం చెప్పి రిటైరైన మనిషి. పెళ్లిళ్లలో మగపెళ్లివారిని ఆటపట్టించే పాటలు కట్టడంలో ఆమెకు చుట్టుపక్కల పేరుంది. నా తమిళం వినగానే తెలుగులోకి దిగింది.

“ఏం సార్, మీరూ మనోళ్లేనా? మా వీధి ట్యాంకు ఎప్పుడు కడిగినారో రిజిస్టరు చూడాల. నీళ్లు తాగి పిల్లోళ్లకు ఒకటే వాంతులు. నా మనమరాలు మూడు దినాలు ఆస్పత్రిలో ఉండొచ్చింది.”

“రాసిచ్చినారు కదక్కా, చూపిస్తా,” అన్నాను.

అర్జీదారు ఒక రికార్డు చూడాలని అడిగితే, ముందు దాన్ని మా స్వాధీనంలోకి తీసుకోవాలి. నేను రిజిస్టరు తెప్పించి, ప్రతి పేజీకీ ఎర్ర సిరాతో అంకె వేసి పొడి సంతకం పెట్టాను. ఆ తర్వాత ఎవరూ పేజీ మార్చడానికి వీలుండదు. అలా అంకెలు వేస్తుండగానే నా చెయ్యి ఆగింది. నెలకు రెండుసార్లు, పదిహేనున, ముప్పైన ట్యాంకు కడిగినట్టు రాసుంది. ఫిబ్రవరిలో కూడా పదిహేను, ముప్పై. పక్కనే పంపు ఆపరేటరు సంతకం, కింద ఇంజనీరు సంతకం. ఏడాది మొత్తాన్నీ ఒకే ఊపులో రాసేశారన్నమాట.

మర్నాడు కమిషనరు పిలిచి, రిజిస్టరు ఇంజనీరింగు విభాగానికి తిప్పి పంపమన్నారు. రికార్డు దొరకలేదని అర్జీదారుకు రాయమన్నారు. ఆ మాట ఫైలు మీద రాసిస్తే అలాగే చేస్తానన్నాను. ఆయన కలం తీయలేదు. నా పెన్షను కాగితాలు తన సంతకంతోనే పోవాలన్న సంగతి మాత్రం గుర్తు చేశారు. నా గదికి వచ్చి రిజిస్టరును బీరువాలో పెట్టి తాళం వేశాను. భయపడలేదంటే అబద్ధం.

టీచర్ చెప్పిన రోజుకు వచ్చి, నా ఎదుటే కూర్చొని పేజీలు తిప్పింది. ఫిబ్రవరి దగ్గర వేలు పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చూసింది.

“ఈ తేదీ యాడనుంచి తెచ్చినారు సార్?”

“నేను చెప్పకూడదక్కా. నకలు కావాలంటే ఇస్తా,” అన్నాను. అసలుతో సరిచూసిన నకలు అని ముద్ర వేసి, సంతకం చేసి ఇచ్చాను.

ఆ నెలాఖరులో ఏరియా సభ జరిగింది. వార్డు ప్రజలు కౌన్సిలరు ముందు తమ గోడు చెప్పుకొనే సభ అది. బడి వరండాలో కుర్చీలు వేశారు. కమిషనరూ ఇంజనీరూ వచ్చారు. టీచర్ వంతు రాగానే నకలు కౌన్సిలరు చేతికిచ్చి, వెనకున్న ఆడవాళ్లకు సైగ చేసింది. అందరూ మగపెళ్లివారి మీద పాడే వరసలోనే ఎత్తుకున్నారు.

*ముప్పయ్యో తేదీని ముచ్చటగా*
*ఫిబ్రవరిలో పుట్టించినారే!*
*మెట్లు ఊడిన నిచ్చెన మీద*
*రెక్కలు కట్టుకొని ఎక్కినారే!*
*ఏం మగపెళ్లోళ్లమ్మా, ఏం మగపెళ్లోళ్లు!*

ట్యాంకు నిచ్చెనకు కింది మెట్లు తుప్పుపట్టి ఊడిపోయాయని వీధి వీధంతా ఎరుగును. మొదట వెనక వరసలో నవ్వు పుట్టింది. నకలు చదువుతున్న కౌన్సిలరమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెలుగు రాని వాళ్లకు పక్కవాళ్లు తమిళంలో చెబుతుంటే నవ్వు రెండోసారి లేచింది. ఇంజనీరు ఏదో చెప్పబోయాడు. “ముందు ఆ తేదీ సంగతి చెప్పప్పా!” అని ఎవరో అరిచారు. కమిషనరు లేచి, మర్నాడు పొద్దున్నే అందరి ఎదుట ట్యాంకు తెరిపిస్తానని మాటిచ్చారు. కౌన్సిలరమ్మ దాన్ని అక్కడే తీర్మానంగా రాయించింది.

తెరిస్తే అడుగున జానెడు మందాన బురద. రెండు రోజులు కడిగారు. కొత్త నిచ్చెన బిగించారు. కడిగిన ప్రతిసారీ వీధివాళ్లు ఇద్దరు రిజిస్టరులో సంతకం పెట్టాలన్న నియమం వచ్చింది. మొదటి సంతకం టీచర్ పెట్టింది. వర్షాకాలం వచ్చేసరికి ఆ వీధుల్లో వాంతుల మాట వినబడలేదు. నా పెన్షను కాగితాలు వేళకే వెళ్లాయి. అడ్డుపెట్టడానికి కారణం రాయాలి కదా.

నోటితో వచ్చిన ఉత్తర్వును రాసిమ్మని అడగడమే కింది ఉద్యోగికి ఉన్న బలమని ఆ పోస్టింగులో నేర్చుకున్నాను. రికార్డును ఉన్నదున్నట్టు బయటపెట్టడం వరకే నా పని. దాన్ని ఊరందరికీ వినబడేలా చదవడం ఊరివాళ్లకే బాగా వచ్చు.