బర్రె పడుకున్న జాగా

మా అత్తమ్మ పుట్టింటి వాళ్లకు ఒక పద్ధతి ఉంది. కొత్త జాగా కొంటే ముందు ఇంట్లో పెద్ద బర్రెను అందులోకి తోలతారు. పలుపు విప్పేసి అందరూ పక్కకు జరుగుతారు. అది తిరిగి తిరిగి ఎక్కడ పడుకుంటే అక్కడ కొట్టం. కొట్టాన్ని చూసుకుని ఇల్లు. జల్‌పల్లిలో ప్లాటు కొన్నప్పుడు మేమూ అదే చేశాం. మంచి ఎండాకాలం. మా పెద్ద బర్రె అటూ ఇటూ తిరగను కూడా లేదు. నేరుగా వెనక మూలకు పోయి, మెడ చాపి పడుకుంది. ఎంత అదిలించినా లేవలేదు. అత్తమ్మ మురిసిపోయింది. "చూసినవా, దానికి జాగ నచ్చింది" అని అక్కడే కొబ్బరికాయ కొట్టించింది.

మండుటెండలో బర్రె ఎక్కడ పడుకుంటుంది? తడి ఉన్నచోట. బర్రెల మధ్యే పుట్టి పెరిగిన మనుషులం, ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ మూలన మట్టి కింద చెరువు ఉంది. దానికి దండం పెట్టి మరీ కొట్టం వేసుకున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాకు కోపం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. అననీ. కోపం తెచ్చుకోకుండా ఈ కథ ఎలా చెప్పాలో నాకు తెలియదు.

అంతకుముందు మేం దబీర్‌పురాలో, వాన నీళ్లు పోయే నాలా పక్క గల్లీలో ఉండేవాళ్లం. మా మామగారి తండ్రి కట్టిన ఇల్లు, వెనక కొట్టం, నాలుగు బర్రెలు. పాలు పోయడానికి మా ఆయనకు బండి అవసరం ఉండేది కాదు. గల్లీ చివరిదాకా నడిచేసరికి డబ్బా ఖాళీ. ఎదురింటి పెద్దావిడ, మేం ఖాలా అని పిలిచే ఆమె అయితే పొయ్యి మీద చాయ్ నీళ్లు పెట్టాకే గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేది. నేను కోడలిగా వచ్చిన కొత్తలో నాలా నీళ్లు నాలాలోనే పోయేవి. తర్వాత పై నుంచి కింది దాకా ఎవరికి వాళ్లు దాని మీదికి జరిగారు. గోడలు లేపారు, స్లాబులు వేశారు. వాన కూడా మారిపోయింది. ఒకప్పుడు రోజుల తరబడి ముసురు పట్టి కురిసే వాన, ఇప్పుడు ఒక్క పూటలో కుమ్మరించి పోతుంది. అంత నీరు ఆ ఇరుకులో ఎలా పడుతుంది?

ఒక మధ్యాహ్నం నాలా పొంగి కొట్టంలోకి వచ్చింది. మా ఆయన ఊళ్లో లేడు. నేనూ అత్తమ్మా కలిసి మూడు బర్రెల పలుపులు విప్పాం. అవి ఈదుకుంటూ రోడ్డెక్కాయి. నాలుగోది, చూడి బర్రె, లోపలి గుంజకు కట్టి ఉంది. దాని దగ్గరికి చేరేసరికి నీళ్లు నా ఛాతీ దాకా వచ్చాయి. నానిన ముడి ఎంత గుంజినా రాలేదు. బర్రెకు ఈత రాదా? వస్తుంది. మేం కట్టేశాం కాబట్టి మునిగిపోయింది.

నీళ్లు తీసిన తర్వాత చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరిదీ ఒకటే ప్రశ్న. "నాలా పక్కకు ఎందుకుంటున్నరమ్మా?" మేం నాలా దగ్గరికి పోలేదు సార్, నాలానే మా ఇంట్లోకి వచ్చిందని ఒక ఆఫీసరుకు చెప్పాను. ఆయన అప్పటికే పక్కింటి ఫొటో తీస్తున్నాడు.

అందుకే దబీర్‌పురా ఇల్లు వచ్చిన ధరకు అమ్మేశాం. బర్రెలతో సహా ఉండగలిగే చోటు మా చేతికి అందేది సిటీ బయట జల్‌పల్లి వైపే కనబడింది. ప్లాట్లమ్మే ఆయన నన్ను వదినా అని పిలిచేవాడు. "గీడ ఎన్కట చెరువుండె వదినా, ఎండిపోయి మస్తు ఏండ్లయింది. కాయితాలన్నీ సాఫ్ ఉన్నయి, ఏం ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. రిజిస్ట్రేషన్ అయింది. కరెంటు మీటరు వచ్చింది. ఇంటి పన్ను కట్టించుకున్నారు. ముద్రలు వేసిన వాళ్లలో ఒక్కరికీ అది చెరువని తెలియదా? మేం బర్రెను చూసి మోసపోయాం. వాళ్లు ఏం చూసి సంతకాలు చేశారు?

మా ఆయన తెల్లవారక ముందే బండికి డబ్బాలు కట్టుకుని దబీర్‌పురా పోయేవాడు. ట్రాఫిక్ దాటి చేరేసరికి అక్కడి వాళ్ల చాయ్ అయిపోయేది. కొన్నాళ్లు ఓపిక పట్టి, ఒక్కొక్కరే ప్యాకెట్ పాలకు మారారు. ఖాలా మాత్రం చాలా రోజులు ఆగింది. చివరికి ఆమె కూడా "క్యా కరూఁ బేటా, దవా చాయ్ కే బాద్ లేనా పడ్తా" అందట. చాయ్ తాగాకే మందు వేసుకోవాల్సిన మనిషి, ఆమెను ఏమనగలం?

రెండో వానాకాలంలో చెరువు తిరిగొచ్చింది. నాలాలా లొల్లి చేస్తూ రాలేదు. వెనక మూల నుంచి మెల్లగా, చప్పుడు లేకుండా ఊరింది. సాయంత్రానికి కొట్టం మునిగింది, మర్నాటికి ఇల్లు. బర్రెలు దక్కాయి, ఎందుకంటే ఆ చూడిది పోయినప్పటి నుంచి అత్తమ్మ వానాకాలంలో దేన్నీ కట్టనివ్వదు. వాటితో పాటే మేమూ ఎత్తు రోడ్డు మీద టార్పాలిన్ కింద పడున్నాం. దసరా దాకా నీళ్లు తీయలేదు.

మళ్లీ సార్లు వచ్చారు. "చెరువుల ఇల్లు ఎందుకు కట్టుకున్నరమ్మా?"

"నాలా పక్కన ఉండొద్దన్నరు, వచ్చినం. ఇప్పుడు గీడ గూడ వద్దంటున్నరు. మరి యాడ ఉండాలె సార్? గాలిలనా?" అన్నాను.

దరఖాస్తు పెట్టుకుంటే ఎప్పటికైనా సర్కారు ఫ్లాటు వస్తుందట, నాలుగో అంతస్తులోనో ఐదో అంతస్తులోనో. బర్రెలను అమ్మేయమని వాళ్లలో ఒకాయన సలహా ఇచ్చాడు. మా తిండి అమ్ముకోమని అంత సులువుగా చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. చూడకపోవడమే ఆయనకు మంచిది.

ఈ ఎండాకాలం మా ఆయన ఇల్లు అమ్మకానికి పెట్టాడు. ఇది పోతేనే ఎక్కడైనా మెరక మీద ఇంకో జాగా కొనగలం. గోడల మీద నీటి చార కనబడకుండా తనే సున్నం వేశాడు. నేను చూస్తూ ఊరుకున్నాను.

ఒక జంట చూడ్డానికి వచ్చింది. అతను వెల్డింగ్ పని చేస్తాడట. ఆమె చంకలో బిడ్డ. బహదూర్‌పురాలో కిరాయికి ఉంటారు. అక్కడా తాముండే కింది ఇంట్లోకి వాన నీళ్లు వస్తాయని, అందుకే సొంతానికి వెతుకుతున్నామని చెప్పింది. గదులన్నీ తిరిగి చూసి నన్ను పక్కకు పిలిచింది. "అక్కా, వానకాలం ఎట్లుంటది?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను తెల్లటి గోడ మీద, నా భుజం ఎత్తున, చెయ్యి పెట్టి చూపించాను. "గీడిదాక వస్తయి" అన్నాను.

వాళ్లు వెళ్లిపోయారు. మా ఆయన ఆ రోజంతా అన్నం తినలేదు. ఆయన కోపం నాకు అర్థమైంది. మేం ఇక్కడి నుంచి బయటపడే దారిని నా చేత్తో నేనే మూసేశాను. అత్తమ్మ మాత్రం కంచం తెచ్చి నా ముందు పెట్టి, "నువ్వు జెప్పకుంటే నేను జెప్తుంటి" అంది.

కొన్నాళ్లకు మా వెనక, మాకంటే పల్లంలో ఉన్న ప్లాటులో ఇటుకలు దిగాయి. అదే జంట. ఉక్రోషం ఆగక పరుగున పోయాను.

"నీకు జెప్పిన గద, నీళ్లొస్తయని" అన్నాను.

"జెప్పినవక్కా. మీ ఇల్లు ధర మాకెట్ల గూడ అందది. గిది పల్లంల ఉందని జర అగ్గువకొచ్చింది" అంది ఆమె, బిడ్డకు ఎండ తగలకుండా కొంగు కప్పుతూ. తర్వాత మామూలుగానే అంది, "మీరుంటున్నరు గద."

కొంచెం అవతల ఆ ప్లాట్లమ్మే ఆయన ఇంకో కుటుంబానికి చెయ్యెత్తి మా ఇంటిని చూపిస్తున్నాడు. "అగో, ఆళ్లు బర్లతోటి గిట్ల ఎంత మంచిగుంటున్నరో సూడుండ్రి" అంటున్నాడు.