అమ్మ తల చిక్కు తీసిన పదకొండు రోజులు

మొన్న మా కోడలు తలకు రంగు వేయించుకుని, ఆ రంగుకు వెంట్రుకలు పీచయిపోయాయని దిగులుపడి, ఒక డబ్బా నిండా సరంజామా తెప్పించుకుంది. ఏదో క్రీము, ఏదో సీరం, వెడల్పు పళ్ళ చెక్క దువ్వెన, తల తుడుచుకోవడానికి మెత్తటి గుడ్డ. లోపల ఒక కాగితం కూడా ఉంటే కళ్ళజోడు పెట్టుకుని చదివాను. పాడైన జుట్టును పైనుంచి దువ్వకూడదట. కొసల దగ్గర మొదలుపెట్టి పైకి రావాలట. దువ్వెన కంటే ముందు వేళ్ళతో విడదీయాలట. "ఇది మా బాపుకు ఎప్పుడో తెలుసు" అన్నాను. "మగ్గం నేసే తాతయ్యకు జుట్టు సంగతులు ఎట్లా తెలుసు అత్తమ్మా?" అని నవ్వింది మా కోడలు.

డెబ్బైల చివర మాట. మట్టెవాడలో మాది గుంట మగ్గం ఉన్న ఇల్లు, బాపు దుప్పట్లు నేసేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, నా తర్వాత అన్నేళ్ళకు అమ్మకు కొడుకు పుట్టాడు. తొమ్మిది రోజులు బతికాడు. ఆ తొమ్మిది రోజులూ అమ్మ భుజం మీదే ఉన్నాడు, ఎవరికీ ఇచ్చేది కాదు. జ్వరం వచ్చి దవాఖానకు తీసుకుపోయేలోపే పోయాడు. ఆ రోజు గోడవైపు తిరిగి పడుకున్న అమ్మ నెలన్నర దాకా ఇటు తిరగలేదు. పెడితే రెండు ముద్దలు తినేది. మాట లేదు. తల మీద మాత్రం ఎవరినీ చెయ్యి వేయనిచ్చేది కాదు. నడుము దాటే జుట్టు మెడ వెనక కొబ్బరి పీచు ఉండలా అట్టకట్టుకుపోయింది.

దాన్ని ముందు పాడుచేసింది నేనే. ఒకరోజు బడికి పోయే ముందు, ప్రేమ కొంతా, మా అమ్మ ఇట్లా ఉందేమిటన్న చిరాకు ఎక్కువా కలిసి, నా ప్లాస్టిక్ దువ్వెన తీసుకుని నడినెత్తి నుంచి ఒక్క లాగు లాగాను. రెండు పళ్ళు విరిగాయి. ఒక కుచ్చు చేతికి ఊడివచ్చింది. అమ్మ రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని సన్నగా మూలిగింది. ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

నాయనమ్మ పరుగున వచ్చింది. "దువ్వెన పెట్టకు బిడ్డా. జడలు కట్టినయంటే ఎల్లమ్మ తల్లి అచ్చి కూసున్నట్టు. దువ్వద్దు, కొయ్యద్దు. బోనం జేసి అట్లనే ఇడిసిపెట్టాలె" అంది. మా వాడలో అట్లా జడలు కట్టిన ఒకావిడ ఉండేది. ఎదురుపడితే అందరూ దండం పెట్టేవాళ్ళు, కానీ ఎవరూ గడపలో కూర్చోబెట్టి కబుర్లాడేవాళ్ళు కాదు. కన్నపిల్లలు కూడా దూరం దూరంగానే మసలేవాళ్ళు. మా అమ్మకూ అందరూ దండాలు పెడితే ఇక నాకు అమ్మ ఎవరని నాకు ఏడుపొచ్చింది. పక్కింటావిడ మంగలిని పిలిపించి తీయించెయ్యమంది. బాపు ఇద్దరి మాటా విన్నాడు.

"జర ఆగుండ్రి. నూలు చిక్కుపడితె కోసి పారేస్తమా? ఎట్లయినా ముసురు పట్టింది, గంజి పెట్టిన పడుగు నూలు ఆరది, మగ్గం మీద పని లేదు. నేను జూస్త" అన్నాడు.

చూడడమంటే ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే. తెగే పోగుకు గంజి పెడితే బలమొస్తుంది. రాత్రి అమ్మ నిద్రలో ఉండగా తలకు గంజి పెట్టాడు. ఆ ముసురులో అది ఆరితే కదా. తెల్లారేసరికి పులిసిన వాసన, గోడలోంచి దిండు దాకా చీమల బారు. నెలన్నర తర్వాత అమ్మ ఇటు తిరిగింది. "ఏందయ్యా, నన్ను గూడ పడుగు జేసినవా?" అంది. బాపు సిగ్గుపడి మగ్గం చాటుకు పోయాడు. నేను వెనకే వెళ్ళి చూస్తే కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఆ తర్వాత నిదానంగా నేర్చుకున్నాడు. కుంకుడుకాయ వద్దన్నాడు, ఇప్పటికే గడ్డిలా ఎండిన జుట్టును అది ఇంకా ఎండగొడుతుందని. మెంతులు నానబెట్టి రుబ్బమన్నాడు. "తల్లికి కోపమొస్తె నీదే భారం కొడుకా" అని గొణుగుతూనే నాయనమ్మ వెన్నలా రుబ్బి ఇచ్చింది. సవరాలు, పిన్నులు అమ్మే ఆమె వస్తే గంపలోని దువ్వెనలన్నీ తన మణికట్టు లోపలివైపు గీసి చూసుకున్నాడు. ఇత్తడిది గీరుకుందని, సన్నపళ్ళది పట్టేస్తుందని పక్కన పెట్టి, వెడల్పు పళ్ళ చెక్కది ఒకటి తీసుకున్నాడు. దాన్ని కూడా గుడ్డతో రుద్ది రుద్ది నునుపు చేశాడు. అంతా చేసి, అసలు పని వేళ్ళతోనే. మధ్యాహ్నం అన్నాలయ్యాక వాకిలి వెలుతురులో అమ్మను కూర్చోబెట్టి, గోరువెచ్చటి నువ్వుల నూనె రాసి, చిటికెన వేలంత పాయ తీసుకుని, కుదురుకు లాగుడు తగలకుండా పైన గట్టిగా పట్టుకుని, కొస నుంచి విప్పుకొచ్చేవాడు. రోజుకు బెత్తెడు వదిలితే గొప్ప. తెగిన వెంట్రుకలు అమ్మకు కనపడకుండా తొడ కింద దాచేవాడు. అంత పెద్ద మనిషి దొంగలా వెంట్రుకలు దాచడం చూస్తే నవ్వొచ్చేది, దుఃఖమూ వచ్చేది.

పదకొండో రోజుకు మెడ దగ్గర నిమ్మకాయంత ముద్ద మిగిలింది. బాపు అక్కడ వేలు పెట్టగానే అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"అది ఉండనియ్యి."

"ఇంతే ఉన్నది. నొవ్వకుంట తీస్త."

"నొస్తదని గాదు."

చాలాసేపు పట్టుకుని ఉండి, చివరికి వదిలేసింది. బాపు విప్పాడు. లోపల నల్లదారం, దానికి రెండు నల్లపూసలు. తమ్ముడి చేతికి దిష్టి తగలకుండా కట్టిన దారం. అదెప్పుడు ఊడిందో, ఎక్కడ పోయిందో ఎవరూ పట్టించుకోలేదు. బాపు దాన్ని గబుక్కున పిడికిట్లో మూసేశాడు. అమ్మ వెనక్కి తిరగకుండానే భుజం మీదుగా అరచెయ్యి చాపింది.

"ఇటియ్యి. అది ఆడున్నదని నాకెరుక."

అప్పుడు ఏడ్చింది. వాడు పోయిన రోజు కూడా ఏడవని మనిషి వీధంతా వినపడేలా ఏడ్చింది. ఏం చెయ్యాలో తోచక బాపు చెక్క దువ్వెన తీసుకుని నడినెత్తి నుంచి కిందిదాకా దువ్వాడు. ఎక్కడా అడ్డుపడలేదు. అయినా దువ్వుతూనే ఉన్నాడు. నాయనమ్మ ఎల్లమ్మ మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు అమ్మ లేచి పొయ్యి ముట్టించింది, నా బడి సంగతి అడిగింది. వాడంతా ఆమె కోలుకుందన్నారు, నేనూ అట్లాగే అనుకున్నాను. బాపు ముందు పోయాడు, అమ్మ ఇంకా చాలా ఏళ్ళు ఉంది. ఆ దారం ఎక్కడ దాచుకుందో తను చెప్పలేదు, నేను అడగలేదు. చివరి ఏడాది మంచంలో ఉన్నప్పుడు, ఒకనాడు పొద్దున కిటికీలోంచి వాన చూస్తూ, ఉన్నట్టుండి "ఈ ఆషాఢానికి మీ తమ్మునికి ముప్పై ఏండ్లు నిండుతయి" అంది. తొమ్మిది రోజుల దగ్గర ఆగిపోయాడని మేమందరం మరిచిపోయిన పిల్లవాడు, అమ్మ దగ్గర ఏటేటా ఒక ఏడు పెరుగుతూ వచ్చాడని నాకు అప్పుడు తెలిసింది.