కడుపులో క్లిప్పులు, జడకు పెట్టుకునే క్లిప్పు

2006 ఎండాకాలంలో ఒకరోజు, మిరపకాయ బజ్జీలు తిన్న కాసేపటికి కుడి పక్కటెముకల కింద నొప్పి పట్టుకుంది. వీపులోకి పాకింది. గ్యాస్ అనుకుని సోడా తాగితే వాంతులయ్యాయి. మా ఆయన కల్లూరు నుంచి ఆటోలో కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాడు. స్కానింగ్ చేసి, గాల్‌బ్లాడర్ నిండా రాళ్లున్నాయన్నారు.

సర్జన్ ఆడమనిషి, మా సీమ మనిషే. "ల్యాప్రోస్కోపీ చేస్తామమ్మా. చిన్న బొక్కలంతే, పెద్ద కోత ఉండదు" అంది. లోపలికి తీసుకుపోయే ముందు నర్సు నా గాజులు, తాళి, జడ క్లిప్పు తీయించింది. ఇంటికి వచ్చేటప్పుడు అన్నీ చేతికిచ్చారు గానీ క్లిప్పు మాత్రం కనిపించలేదు. పోతే పోయిందిలే అనుకున్నాను.

కొన్ని నెలలు హాయిగా తిరిగాను. కడపలో మా అక్క ఇంటికి పోయినప్పుడు మళ్లీ వీపులో నొప్పి. అక్కడ ఎక్స్‌రే తీసినాయన ఫిల్మును వెలుతురుకు పట్టి, "లోపల క్లిప్పులుండాయమ్మా" అని, తర్వాతి మనిషిని పిలిచాడు.

ఫిల్ము పట్టుకుని బయట కూర్చున్న అక్క దగ్గరికి పోయాను. "అక్కా, నా జడ క్లిప్పు యాడ పోయిందో ఇప్పుడు తెలిసె" అన్నాను.

"ఒంటిమిట్ట రామయ్యా! కడుపులో పెట్టి కుట్టేసినారా? ఆయమ్మ డాక్టరా, దర్జీనా?" అంది అక్క.

పొడుచుకుంటుందేమోనని ఆ రోజు నుంచి వంగలేదు. మనవరాలు చేతులు చాపినా ఎత్తుకోలేదు. మళ్లీ కోయించుకునైనా తీయించుకోవాలని కర్నూలు పోయాను. కొట్లాటకు తోడుగా అక్క కూడా వచ్చింది.

డాక్టరమ్మ మా అరుపులన్నీ అడ్డం రాకుండా విన్నది. ఫిల్మును లైటు ముందు పెట్టి వేలితో చూపించింది. వడ్లగింజల్లా తెల్లటి గీతలు.

"శెనక్కాయలు మూటకెత్తినాక మూతి కట్టకుండా వదిలేస్తావా అమ్మా?"

"యాడన్నా వదిలేస్తారా? అన్నీ కారిపోవూ?"

"ఇదీ అంతే. రాళ్లున్న గాల్‌బ్లాడర్ సంచి తీసేసినాం. గొట్టం మూతి కట్టకుంటే పైత్యరసం కడుపంతా కారుతుంది. ఈ టైటానియం క్లిప్పులే ఆ కట్టు. అట్లనే ఉండిపోతాయి, తీసే పనిలేదు."

అక్క తగ్గలేదు. "మరి మా చెల్లెలి జడ క్లిప్పు?"

డాక్టరమ్మ అప్పుడు నవ్వింది. "అంత పెద్దది ఆ బొక్కలోంచి ఎట్ల దూరుస్తానక్కా?"

అలాగని నా నొప్పిని తేలిగ్గా తీసుకోలేదు. కాలేయం పనితీరు చూసే రక్తపరీక్ష ఎల్ఎఫ్‌టీ చేయించింది, స్కానింగ్ మళ్లీ తీయించింది. అన్నీ బాగున్నాయి. బిందెలు మోసి వీపు కండరం పట్టేసిందట. "క్లిప్పుల సంగతి ఇంటికి పంపేటప్పుడే చెప్పాల్సింది. తప్పు నాదే" అంది. అంత చదివిన మనిషి మా ముందు ఆ మాట అనగలిగింది. ఆమె చేతిపనికంటే ఆ మాటే నాకు పెద్దగా తోచింది. అక్క బయటికొచ్చి, "నాకూ రాళ్లుంటే ఈయమ్మ దగ్గరే కోయించుకుంటా" అంది.

ఇంటికొచ్చి, వీపు కుదుటపడగానే మనవరాలిని ఎత్తుకున్నాను. ఇప్పుడు బజ్జీలూ తింటున్నాను, ఒకటో రెండో. ఎక్కడ స్కానింగుకు పోయినా క్లిప్పుల సంగతి ముందే చెబుతాను. మీరూ ఆపరేషనై ఇంటికి వచ్చేముందు డాక్టరును "ఏం తీసినారు?" అని అడిగి ఊరుకోకండి. "ఏం పెట్టినారు?" అని కూడా అడగండి.