బాపును పంచాయతీకి తీసుకెళ్లిన ఆదివారం

చిన్నప్పుడు నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ ఒక ఎత్తు, మా బాపు మీద పగ తీర్చుకోబోయి ఆయన్ని నా చేత్తోనే బాగుపడే చోటికి తీసుకెళ్లడం ఒక ఎత్తు. పగపట్టడం కూడా సరిగా చేతకాని మనిషిని నేను.

మేము సూరత్‌లో, బమ్రోలిలో ఉండేవాళ్లం. బాపు సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. గుజరాత్‌లో మద్యనిషేధం. నిషేధం కాగితాల మీద ఉండేది, మద్యం మా మధ్య ఉండేది. పగలంతా సాంచె ముందు నిటారుగా నిలబడే బాపు సాయంత్రానికి నేల మీద నిలబడలేకపోయేవాడు. ఒకసారి అలాగే తూలుతూ మా బడికి వచ్చాడు. నాకు వ్యాసరచనలో బహుమతి ఇస్తుంటే వేదిక ఎక్కి, హెడ్మాస్టరు మెడలోని దండ తీసి తన మెడలో వేసుకున్నాడు. మర్నాటి నుంచి తరగతి తరగతంతా నా ముందు తూలుతూ నడిచేది.

ఇంకొక్కసారి తాగొస్తే పిల్లల్ని తీసుకుని మా సొంతూరు సిరిసిల్ల వెళ్లిపోతానని అమ్మ తేల్చి చెప్పింది. అమ్మకు కావలసింది ఆయన మానడం. నాకు కావలసింది ఆయన పరువు నలుగురిలో పోవడం.

పక్కింటి అక్క ఆసుపత్రిలో నర్సు. తాగుడు మానాలనుకునేవాళ్లు వారం వారం కూడే మీటింగు ఒకటి సూరత్‌లోనే వరాఛాలో, ఒక బడిగదిలో జరుగుతుందని తనే అడిగి కనుక్కొచ్చింది. బాపుకు చెబితే హడలిపోయాడు.

"గుజరాత్ల ఉండి తాగుతనని పదిమందిల చెప్తే పోలీసోళ్లు ఊకుంటరా? నాకేమన్న పిచ్చా?"

అక్క నన్ను పక్కకు పిలిచింది. "తమ్మీ, అది గూడ పంచాయతీ లెక్కనే. నువ్వే తోలుకరా," అంది.

మా కులసంఘం పంచాయతీలు నేను చూశాను. తప్పు చేసినవాణ్ణి చేతులు కట్టించి నిలబెట్టి, చేసినవన్నీ ఒక్కొక్కటిగా ఒప్పించేవారు. నాకు అంతకంటే ఏం కావాలి? "బాపూ, సంఘపోళ్లు ఐతారం వరాఛాకు రమ్మన్నరు," అని అబద్ధం చెప్పాను. సంఘం పిలిస్తే ఎగ్గొట్టే ధైర్యం మావాళ్లలో ఎవరికీ లేదు. బాపు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సులో ముద్దాయిలా కూర్చున్నాడు. పక్కన నేను పెళ్లికొడుకులా.

గదిలో ఇరవై మంది దాకా ఉన్నారు. వజ్రాలు సానపట్టే ఒక తెల్లజుట్టు గుజరాతీ పెద్దాయన లేచి, ఇక్కడ విన్నది ఇక్కడే వదిలేసి వెళ్లాలన్నాడు. తర్వాత తాను తాగుబోతునని హిందీలో చెప్పి, తన కథంతా విప్పాడు. ఆయన కూర్చోగానే ఇంకొకాయన లేచాడు. బాపు నా చెవి దగ్గరికి వంగాడు.

"ఏందిరా, తప్పు జేసింది నేనైతే ఈళ్లెందుకు ఒప్పుకుంటుండ్రు?"

చివరికి బాపు లేచాడు. అలవాటుగా చేతులు కట్టుకున్నాడు. పేరు చెప్పి, "నేను గూడ..." అని ఆగిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చాయ్ ఇచ్చారు. రెండు బిస్కెట్లు కూడా! నా కడుపు మండిపోయింది.

అక్క ముందే వచ్చి వరండాలో నిలబడి ఉంది. "మోసం జేసినవ్! ఒక్కలు గూడ తిట్టలే!" అని ఏడ్చాను.

"తిట్లు ఆయనకు రోజువారీయే, దులుపుకొని పోతడు," అంది అక్క. "తాగకుంట కూసునుడు జూడు, గదిరా అసలు శిక్ష. నీ పగ తీరాల్నంటే ఒక్క ఐతారం గూడ ఇడ్వకు."

విడవలేదు. జ్వరమన్నా, వానన్నా, నడుం నొప్పన్నా లాక్కుపోయాను. అంత శ్రద్ధ చదువు మీద పెట్టి ఉంటే నేను ఏ డాక్టర్నో అయ్యేవాణ్ణి. మూడో నెలలో బాపు ఒకసారి తాగొచ్చాడు. అమ్మ అటక మీది ట్రంకుపెట్టె దించి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. మర్నాడు ఆదివారం. నేను లేచేసరికి బాపు చొక్కా వేసుకుని గుమ్మంలో ఉన్నాడు. "నడువురా," అన్నాడు, అమ్మ వైపు చూడకుండా. అమ్మ సర్దడం ఆపింది. పెట్టె మాత్రం పైకి ఎక్కించలేదు.

అప్పటి నుంచి తాగకుండా ఏడాది నిండిన రోజున మీటింగులో కేకు కోశారు. ఇంటివాళ్లు ఒకరు రెండు మాటలు చెప్పడం అక్కడి ఆనవాయితీ. "జర మంచిగ చెప్పు బిడ్డా," అని బాపు బతిమాలాడు. నేను మంచిగానే చెప్పాను. ఆయన మా ఇల్లనుకుని అక్కవాళ్లింట్లో దూరి, అన్నం పెట్టించుకుని తిని, కూరలో ఉప్పు లేదని తిట్టి వచ్చిన సంగతి చెప్పాను. గదంతా నవ్వింది, బాపు అందరికంటే ఎక్కువ నవ్వాడు. తర్వాత, అమ్మ పురుడు పోసుకున్న రాత్రి ఆయన ఎక్కడ పడి ఉన్నాడో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. బాపు లేచి నిలబడి విన్నాడు.

"ఇంకేమన్న మిగిలిందా బిడ్డా?" అన్నాడు మెల్లగా.

"ఉన్నది బాపూ. వచ్చే యేడు చెప్త."

అది వినాలంటే ఆయన ఇంకో ఏడాది తాగకుండా ఉండాలి. ఉన్నాడు. అట్లా ప్రతి ఏడూ ఒకటి చెప్పి, ఒకటి దాచుకుంటూ వచ్చాను. ఇప్పుడు నా జుట్టూ తెల్లబడింది. బాపు పోయి చాలా కాలమైంది. చివరిది ఇంకా నా దగ్గరే ఉంది. అదేమిటని చివరి రోజుల్లో ఎంత బతిమాలినా వచ్చే యేడు చెప్తనన్నానే తప్ప చెప్పలేదు.