పద్మకుమారి కట్టిన కంప్యూటర్

ఆమదాలవలసలో ధాన్యం కొట్ల వరస దాటి రైల్వేస్టేషన్ వైపు నడిస్తే, ఒక డాబా ఇంటి ముందుగదిలో పద్మకుమారి డీటీపీ సెంటరు ఉండేది. పెళ్ళి శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఊరి పండగల ఫ్లెక్సీలు, ఏది కావాలన్నా చుట్టుపక్కల పల్లెలవాళ్ళు అక్కడికే వచ్చేవారు. వచ్చినవాళ్ళను ఆమె ముందు కుర్చీలో కూర్చోబెట్టేది. ఆ తరువాత పని సంగతి కాకుండా తన కంప్యూటర్ సంగతి ఎత్తుకునేది.

"ఇది కొన్నది కాదండి, కట్టింది" అనేది, సొంత ఇల్లు కట్టుకున్నవాళ్ళు మేడ చూపించినట్టు.

ఆ గొప్ప ఊరికే వచ్చింది కాదు. శృంగవరపుకోటలో తండ్రి సోములుకు సైకిల్ షాపుండేది. ఆయన పానాలూ స్క్రూడ్రైవర్లే ఆమెకు ఆటబొమ్మలు. పదేళ్ళ పిల్లప్పుడే ఇంట్లో గడియారం, రేడియో, కుట్టుమిషను అన్నీ ఆమె చేతిలో ఒకసారి విడిపోయి, చాలామట్టుకు మళ్ళీ ఒకటైనవే. డిగ్రీ అయ్యాక మేనత్త తవిటమ్మ తన కొడుకు హరిబాబుకు చేసుకుంది. హరిబాబు రైస్‌మిల్లులో గుమస్తా. నిదానస్తుడు. భార్య ఏది విప్పుతానన్నా "సరే" అనేవాడు, ఏది బిగించానన్నా "మంచిది" అనేవాడు.

2013లో పద్మకుమారి విశాఖపట్నం వెళ్ళి కంప్యూటర్ విడిభాగాలు ఒక్కొక్కటీ ఏరి కొనుక్కొచ్చింది. ప్యాసింజరు బండిలో ఆ పెద్ద డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఎదుటి సీటులో ముసలమ్మ "ఏటమ్మా, గ్రైండరా?" అని అడిగింది. "కాదు మామ్మా, కంప్యూటర్" అంటే ఆవిడ జాలిగా చూసి, "గ్రైండరయితే నయిమే, పిండయినా రుబ్బుద్దును" అంది.

మర్నాడు ఆదివారం. పద్మకుమారి చాప పరిచి, ఫోనులో వీడియో పెట్టుకుని కూర్చుంది. గదిలోకి ఎవరూ రాకూడదు, ఫ్యాను వేయకూడదు, తుమ్మకూడదు. సాయంత్రానికి తెర మీద వెలుగొచ్చింది. తవిటమ్మ కొబ్బరికాయ కొట్టి, సీపీయూ డబ్బాకు పసుపు రాసి బొట్టు పెట్టింది. అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం ఆ బొట్టు తప్పలేదు.

రెండేళ్ళు ఆ కంప్యూటర్ పరుగులు పెట్టింది. ఆ తరువాతి మాఘంలో, గిరాకీ పెరిగిందని, భార్యాభర్తలిద్దరూ కంప్యూటర్‌తో సహా బల్లను నడిమింట్లోంచి ముందుగదికి ఈడ్చారు. వేసవి వచ్చేసరికి దానికేదో అయింది. పొద్దున్నే బాగానే ఉండేది. కాసేపటికి చతికిలబడేది. "శుభలేఖ" అని టైపు చేస్తే అక్షరాలు పెళ్ళిబస్సులోంచి ముసలివాళ్ళు దిగినట్టు ఒక్కొక్కటే దిగేవి. 

పద్మకుమారి తన కంప్యూటర్‌ను అనుమానించలేదు. మొగుణ్ణి అనుమానించింది.

"బావా, ఆ మిల్లుకాడ ఎవులెవులియ్యో పాటలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి తెస్తన్నావు కదా. వైరస్ వచ్చీసినాది."

"నాలుగు పాటలకే వచ్చీసినాదా?" అన్నాడు హరిబాబు.

పెన్‌డ్రైవ్ బీరువాలోకి వెళ్ళింది. కంప్యూటర్‌లో ఒక యాంటీవైరస్ ఉండగానే ఇంకొకటి ఎక్కింది. ఒకే వంటింట్లో ఇద్దరు తోడికోడళ్ళు చేరినట్టు అవి రెండూ ఒకదాన్నొకటి తనిఖీ చేసుకుంటూ కూర్చున్నాయి. కంప్యూటర్ ఇంకా నెమ్మదించింది. పద్మకుమారి ఒకదాన్ని తీసేసింది.

తరువాతి వంతు అత్తగారిది.

"అత్తా, నువ్వెట్టిన కుంకం రాలి కన్నాల్లోంచి లోపలికెల్లిపోతన్నాది."

తవిటమ్మ చేటలో బియ్యం ఆపి కోడలి వైపు చూసింది. "నా సిటికెడు బొట్టుకే సతికిలబడిపోతే అదేటి మిసన్నే? మా అప్ప ఇంటికాడ ట్రాక్టరుకి దోసెడు ఎట్టీవోరు. ఇప్పటికీ దున్నతన్నాది."

బొట్టు ఆగిపోయింది. నెమ్మది ఆగలేదు. పద్మకుమారి ఉన్నదంతా తుడిచేసి మళ్ళీ మొదటినుంచి అన్నీ ఎక్కించుకుంది. ర్యామ్ ఇంకో ముక్క కొని పెట్టింది. కరెంటు వోల్టేజీ సరిగ్గా లేదని లైన్‌మన్‌తో గొడవపడింది. చివరికి ఎండలదే తప్పంది. ఆ ఒక్క మాటలోనే కాస్త నిజముందని ఆమెకప్పుడు తెలియదు.

ఒక రాత్రి అన్నాల దగ్గర హరిబాబు మెల్లగా అన్నాడు: "ర్యామ్ ఎట్టినప్పుడు మూత తీసినావు కదా. ఆ సేత్తోటే మిగతావన్నీ ఓపాలి సూడకపోయినావా?"

"సూడ్డానికేటున్నాది? నా సేత్తో నాను బిగించినాను."

"అందుకే సూడమంతన్నాను" అనబోయి, నిదానస్తుడు గనుక పప్పు వడ్డించమన్నాడు.

ఇలా ఉండగా వంశధార అవతలి ఊరునుంచి అసిరయ్య వచ్చాడు. అమ్మవారి పండగకు ఫ్లెక్సీ కావాలి. అమ్మవారి బొమ్మ మధ్యలో, చుట్టూ కమిటీవాళ్ళ తలకాయలు. ఫోటోలు సంచినిండా తెచ్చాడు. వరసకు మామ అవుతాడు, పద్మకుమారి కాదనలేకపోయింది. సాయంత్రానికల్లా ఫైలు శ్రీకాకుళం ప్రింటింగుకు వెళ్ళాలి.

ఒక్కో తలకాయను ఫోటోలోంచి కత్తిరించి ఫ్లెక్సీ మీద అతికించాలి. మూడో తలకాయ దగ్గరే కంప్యూటర్ మొరాయించింది. సగం కత్తిరించిన కోశాధికారి తెర మీద ఒంటిచెవితో నిలబడిపోయాడు. అసిరయ్య కాసేపు చూసి, కుర్చీలోనే కునుకు తీశాడు. ఇంతలో కరెంటు పోయింది. అసలే చావుబతుకుల్లో ఉన్న యూపీఎస్ ఒకసారి కీచుమని ఊరుకుంది. పద్మకుమారికి ఏడుపొక్కటే తక్కువ.

చాలాసేపటికి కరెంటొచ్చింది. ఉస్సురంటూ మీట నొక్కింది. కంప్యూటర్ లేడిపిల్లలా లేచింది! కోశాధికారికి రెండో చెవి వచ్చింది. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు చకచకా వచ్చి కూర్చున్నారు. తరువాత మళ్ళీ అదే ఈడుపు.

పద్మకుమారి మౌస్ వదిలి ఆలోచనలో పడింది. వైరస్ అయితే కరెంటు పోయినంత మాత్రాన పోదు. కుంకుమా పోదు. మరి ఇది విశ్రాంతి తీసుకుంటేనే ఎందుకు బాగుంటోంది? డబ్బా పక్కరేకు మీద చెయ్యి పెట్టి చురుక్కుమని తీసేసింది. ఆపి మళ్ళీ ఆన్ చేసి, మొదట్లో వచ్చే నీలం తెరలోకి వెళ్ళి చూస్తే, కంప్యూటర్‌కు మెదడులాంటి ప్రాసెసర్ వేడి అంకె నీళ్ళు మరిగే దగ్గరికి పోతోంది. అప్పుడు బోధపడింది. ప్రాసెసర్ వేడెక్కితే కాలిపోకుండా తన నడక తానే తగ్గించుకుంటుంది. పాపం, అన్నాళ్ళూ అది బద్ధకించలేదు, ప్రాణం కాపాడుకుంది.

"మావా, లెగు. స్టేసన్ కాడికెల్లి టీ తాగిరా" అని అసిరయ్యను పంపేసి, సీపీయూను నేల మీద పడుకోబెట్టి మూత విప్పింది.

ప్రాసెసర్ నెత్తిన దాన్ని చల్లబరిచే చిన్న ఫ్యాను ఉంటుంది. దానికి నాలుగు ప్లాస్టిక్ కాళ్ళు. ఒక్కో కాలినీ దాని కన్నంలో పెట్టి నొక్కితే టక్కుమని బిగుసుకోవాలి. ర్యామ్ పెట్టినప్పుడు ఆమె అటువైపు చూడనే లేదు. ఇప్పుడు చూస్తే మూడు కాళ్ళు కన్నాల్లో ఉన్నాయి, నాలుగోది బయటికి వచ్చి నిలబడింది. ఫ్యాను తిరగడానికి తిరుగుతూనే ఉంది గానీ, దాని కింద వేడిని లాగే లోహపు దిమ్మ ఓ పక్కకు లేచి ప్రాసెసర్‌ను సరిగ్గా తాకడం లేదు. కాలు ఎప్పుడూ అరకొరగానే నిలబడి ఉండాలి. బల్ల ఈడ్చిన కుదుపుకు పూర్తిగా వదిలేసింది.

ఆమెకు ఆ ఆదివారం గుర్తొచ్చింది. మూడు కాళ్ళు తేలిగ్గా దిగాయి. నాలుగోది మొండికేసింది. బొటనవేలు ఎర్రబడేలా నొక్కింది. టక్కుమంది. హమ్మయ్య అనుకుంది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ టక్కుమన్నది తను నొక్కిన కాలు కాదు. ఫోనులో వీడియో నడుస్తోంది. టక్కుమనిపించింది ఆ వీడియోలో మనిషి!

పద్మకుమారి ముందు గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు. కాసేపు నేల మీదే కూర్చుని ఒక్కతే నవ్వుకుంది. ఆ నవ్వులో సిగ్గే ఎక్కువ. ప్రాసెసర్ వేడిని దిమ్మకు అందించే పేస్టు ఎండిన సున్నంలా పెళుసెక్కింది. ఊరి సెంటర్లో కంప్యూటర్లు బాగుచేసే షాపుకు వెళ్ళి కొత్త పేస్టు తెచ్చి, పాతది తుడిచి, బొట్టంత కొత్తది పెట్టింది. దుమ్ము దులిపింది. ఫోను పక్కగదిలో పడేసి మరీ నాలుగు కాళ్ళూ నొక్కింది.

భోజనానికి వచ్చిన హరిబాబుకు తెర మీద కమిటీ మొత్తం కనిపించింది.

"బాగయిపోనాదేటి?"

"ఆఁ."

"ఏటి రోగం?"

"ఫ్యాను కాలు ఊడిపోనాది."

"ఎవులు ఊడదీసినారు?"

పద్మకుమారి తెర వైపే చూస్తూ, "అదే ఊడినాది" అంది.

"నా పాటలేమో" అన్నాడు హరిబాబు.

"కాదొరే, నా బొట్టయ్యుంటాది" అంది తవిటమ్మ వంటింట్లోంచి.

పద్మకుమారి కుర్చీ ఇటు తిప్పింది. "నానే. కట్టిన్నాడే సరిగ్గా బిగించనేదు. సాలా?"

తవిటమ్మ గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చేసింది. "ఓలమ్మో! మా తమ్ముడి కూతురు తప్పొప్పుకున్నాది! ఒరే అరిబాబూ, ముందు దీనికేయించరా ఫ్లెక్సీ. స్టేసన్ కాడ కడదాం."

ముగ్గురూ నవ్వుతుండగా, టీ తాగి, స్టేషన్ బల్ల మీద ఇంకో కునుకు కూడా తీసి అసిరయ్య వచ్చాడు. ఫ్లెక్సీ చూసి మెచ్చుకున్నాడు. కార్యదర్శి చొక్కా రంగు కొంచెం మారుతుందా అన్నాడు. మౌస్ ఒక్క నొక్కు నొక్కితే మారిపోయింది. ఆయన కళ్ళు మెరిశాయి.

"ఇంత బేగి అయిపోతాదా? అయితే మా పెద్దబావ తలకాయి కాసింత పెద్దది సెయ్యి తల్లీ."

కంప్యూటర్ నెమ్మదిగా ఉన్నన్నాళ్ళూ గిరాకీలు ఏదొస్తే అదే చాలని దణ్ణం పెట్టి తీసుకుపోయేవారు. దాని పరుగు వల్ల ఇలాంటి కష్టమొకటి ఉంటుందని పద్మకుమారి మరచిపోయింది. పెద్దబావ పెరిగాడు. ఆయన పెరిగితే అధ్యక్షుడు ఊరుకుంటాడా, ఆయనా పెరిగాడు. అందరికన్నా అసిరయ్య పెరిగాడు. చోటు చాలక మధ్యలో బొమ్మ తగ్గుతూ వచ్చింది.

పద్మకుమారి మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. "మావా, అమ్మోరిని ఇంకా తగ్గిస్తే పండగ నీదవుతాది గానీ ఆయమ్మది కాదు."

అసిరయ్య గబగబా చెంపలు వేసుకున్నాడు.

"తప్పు తప్పు. అయితే నన్నే తగ్గించీ తల్లీ" అని, ఒక్క క్షణమాగి, "మరీ తగ్గించీకు సుమీ" అన్నాడు.