అయ్యగారి కోసం గుడి మానేసిన బావ

ఆదివారం ఉదయం ఏడు కాకముందే లింగంపల్లిలో బస్సెక్కి పటాన్‌చెరులో దిగాను. పని మా అక్క రూతు ఫోన్లో పురమాయించింది. పటేల్‌గూడలో కొడుకు దగ్గర ఉంటున్న రిటైర్డ్ పాస్టరు రత్నం అయ్యగారిని వెంటబెట్టుకుని, బొంతపల్లి అవతల ఉన్న అక్కావాళ్ల ఊరికి తీసుకుపోవాలి. ఆయన ఒక్క మాట చెబితే మా బావ దానయ్య మళ్లీ గుడికి వస్తాడని అక్క ఆశ.

బావకు దేవుడి మీద కోపం లేదు. అయ్యగారిని గుడి కమిటీ వాళ్లే బదిలీ చేయించారని నమ్మి, ఏళ్ల కిందట ఆ గుడి గడప తొక్కనన్నాడు. మా ఇంటిల్లిపాదికీ అయ్యగారంటే అభిమానమే. మా పెళ్లిళ్లు చేసింది ఆయన, నాన్నను సమాధి చేసింది ఆయన, మా కోళ్లను ఎక్కువగా తిన్నదీ ఆయనే. పాస్టరు మీది ప్రేమతో ఆరాధనే మానేసింది మాత్రం బావ ఒక్కడు. అప్పటినుంచి అక్క ఒంటరిగా వెళ్తోంది. బావ వాకిట్లో కూర్చుని, దారిన పోయేవాళ్లకు అయ్యగారి గొప్పతనం వినిపిస్తుంటాడు.

అయ్యగారు బస్టాండుకు ముందే వచ్చి ఉన్నారు. ఆదివారం బొంతపల్లి బస్సులో వీరభద్రుడి భక్తుల రద్దీ ఎక్కువ. సీటు కావాలంటే ఇడ్లీ మానుకోవాలి. మేం మానుకోలేదు కాబట్టి నిలబడ్డాం. కొబ్బరికాయల సంచితో ఉన్న ఒక పెద్దావిడ జరిగి అయ్యగారికి చోటిచ్చింది.

"మీరు గూడ గుడికేనా సారూ?"

"గుడికేనమ్మా. మాది ఏసయ్య గుడి, ఇంకో ఊర్ల ఉంటది."

"ఏదైతేంది, కూసో," అందావిడ.

ఫ్యాక్టరీల ఘాటు వాసన కిటికీలోంచి రాగానే అయ్యగారు నా వైపు వంగారు.

"ఇక్కడి బోరునీళ్లు నా భార్యకు, మీ అమ్మగారికి పడలే. ఒళ్లంతా దద్దుర్లు. నేనే బదిలీ అడుక్కున్న. కమిటీ వాళ్లు ఉండుమని బతిమిలాడిన్రు."

"మరి బావకు చెప్పలేదా?"

"నన్ను పంపించిన్రని ఊరంతా ఏడుస్తుంటె, నేనే పోతున్ననని ఎట్ల చెప్పాలె? జెర మంచిగనిపించింది గూడ."

పత్రికల్లో ఇన్నేళ్లు పనిచేసినా ఏ నాయకుడూ నాతో ఇంత సూటిగా ఒప్పుకోలేదు.

తొమ్మిది దాటాక అక్క ఇల్లు చేరాం. బావ అయ్యగారి చేతులు పట్టుకుని వదల్లేదు. ఇంతలో గుడి గంట మోగింది. అక్క కొంగు సర్దుకుని బావ వైపు చూసింది.

"మీరు వాక్యం చెప్తనంటె వస్త అయ్యగారూ. లేకుంటె గా దొంగల నడుమ నేను కూసోను," అన్నాడు బావ.

"దొంగలెవ్వరు దానయ్యా? బదిలీ నేనే అడిగిన. అమ్మగారి పాణం బాగలేకుండె. కమిటీ తప్పు లేదు."

బావ చేతులు వదిలేశాడు.

"గింతకాలం చెప్పలేదేంది?"

అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"కమిటీ పెద్ద శాంతయ్య సచ్చిపోతే మట్టికి గూడ పోలే నేను," అని బావ లోపలికెళ్లాడు. అంగీ తొడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా, మా అందరికన్నా ముందు గుడివైపు నడిచాడు. అక్క చెప్పుల కోసం వెతుక్కోవడం కూడా మానేసి వెనకే పరుగెత్తింది.

గుడిలో మగవాళ్ల వైపు చాప మీద, శాంతయ్య కొడుకు పక్కన కూర్చున్నాడు బావ. ఆడవాళ్ల వైపు నుంచి అక్క ప్రతి చరణం అందరికన్నా ముందే అందుకుంటోంది. చివర్లో కొత్త పాస్టరు మర్యాదకు రత్నం అయ్యగారిని ఆశీర్వాదం ఇవ్వమన్నాడు. అందరం తలలు వంచాం. బావ మాత్రం తలెత్తి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నం అక్క కోడికూర వడ్డించింది. బావ రాలేదు. శాంతయ్య కొడుకుతో కలిసి సమాధుల తోటవైపు పోయాడని పక్కింటివాళ్లు చెప్పారు.

మూడు గంటల బస్సు ఖాళీగా ఉంది. దారిలో అక్క ఫోన్ చేసింది. "వచ్చే ఆదివారం గూడ వస్తనన్నడు రా తమ్మీ. అయ్యగారి పేరు మాత్రం ఇంట్ల ఎత్తొద్దన్నడు." సంతోషం ఆమె గొంతులో దాగలేదు.

మొదటి మాట మాత్రమే అయ్యగారికి చెప్పాను.

"ఇంకేమన్నడు?" అన్నారాయన. అదీ చెప్పాల్సి వచ్చింది.

"మంచిదే," అని కిటికీవైపు తిరిగారు. మా కుటుంబానికి ఆయన చేసిన మేళ్లలో ఇదే పెద్దదని చెబుదామనుకున్నాను. పటాన్‌చెరు వచ్చేదాకా ఆయన ఇటు తిరగలేదు.